పులసా కావాలి, పాపికొండలూ కావాలి

మాది కోనసీమ అని ఆఫీసులో తెలిసిందంటే ఇక అంతే సంగతులు. డిసెంబరు రెండోవారం నుంచి మొదలవుతుంది. "సంక్రాంతికి మీ వైపు వస్తున్నాం బాస్. పండగ మూడ్రోజులూ అత్తారింట్లో. చివరి రెండ్రోజులు తిరగడానికీ తినడానికీ పెట్టుకున్నాం. నువ్వే ప్లాన్ చెప్పాలి" అని. కొందరైతే ప్లాను వాళ్ళే వేసేసుకుని, ఎక్సెల్ షీటు పంపి, "ఒకసారి రివ్యూ చెయ్యవా" అంటారు. గత పదేళ్ళలో నా దగ్గరకొచ్చిన షీట్లన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి. మొదటిరోజు రాజమండ్రిలో దిగి పుష్కర ఘాటు, రోజ్‌మిల్కు, పాపికొండలు బోటు, రాత్రికి పులస కూర. రెండోరోజు ఆత్రేయపురంలో పూతరేకులు, అంబాజీపేటలో పొట్టిక్కలు, అంతర్వేది, దిండి, యానాం, ద్రాక్షారామం, కాకినాడలో గొట్టం కాజా, సాయంత్రం గౌతమి ఎక్కెయ్యడం. రిలీజుకి ముందురోజు బ్యాక్‌లాగ్ అంతా ఒక్క బిల్డులో తోసేసినట్టు ఉంటుంది :)

దూరాల గురించి ఎవడైనా చెబుతాడు. పాపికొండలు బోటు పొద్దున ఎక్కితే దిగేసరికి సాయంత్రం అవుతుందనీ, ఆ రోజు అక్కడితో సరి అనీ గూగుల్ కూడా చెబుతుంది. నా గోల అది కాదు. ఆ షీట్లో మొదటిరోజు గడిలో రెండు వస్తువులు పక్కపక్కన ఉన్నాయి చూశారా, పాపికొండలు బోటు, పులస కూర. అవి రెండూ ఒకే ట్రిప్పులో కుదరవండీ. ఎంత డబ్బు పెట్టినా కుదరవు. ఒక గోదావరి ఉంటేనే పులస వస్తుంది. ఇంకో గోదావరి ఉంటేనే బోటు తిరగాలి.

పులస సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది గోదావరిలో పుట్టి పెరిగి ఇక్కడే ఉండే చేప కాదు. సముద్రపు చేప. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని మావాళ్ళు విలస అంటారు. బెంగాలీవాళ్ళు ఇలిష్ అనేది ఈ జాతినే. ఎగువన వానలు పడి ఎర్రనీరు వచ్చాక, అంటే జులై నుంచి సెప్టెంబరు దాకా, గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి నదిలోకి ఎదురీదుకుంటూ వస్తుంది. ఆ ఎదురీతలో, ఆ మంచినీళ్ళలో, దాని రుచి మారుతుంది. అప్పుడది పులస. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరికొచ్చేసరికి దారి ఆగిపోతుంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశాడు కదా, డెల్టాకి అన్నం పెట్టిన గోడే పులసకి అడ్డుగోడ కూడా. అందుకే ఆనకట్టకి దిగువన, యానాం దాకా ఉన్న ఆ కాస్త గోదావరిలోనే దాని కోసం వలలు, వేలాలు, ఫోన్లు, సిఫార్సులు.

మరి జనవరిలో ఎర్రనీరెక్కడిది? గోదావరి తేటగా, సన్నగా, ఇసుకతిన్నెల మధ్య బుద్ధిగా పారుతూ ఉంటుంది. సంక్రాంతి ముందు యానాం మార్కెట్లో చేపలు కొంటూ, ఎవరో స్నేహితులు అడిగారు కదా అని ఒకావిడని పులస ఉందా అన్నాను. ఆవిడ నవ్వి, "సంక్రాంతికి పులసేంటి బాబూ? పులసంటే వరదకొచ్చేదండి. ఇదిగో, ఇది ఐసు మీదొచ్చింది. కావాలంటే తీసుకెళ్ళండి, పులసని మాత్రం నేను చెప్పనండి" అంది. ఆవిడ చెప్పింది కాబట్టి సరిపోయింది. హైవే మీద ఒక హోటల్లో మాత్రం, అదే నెలలో, మెనూలో పులస పులుసు అని పెద్దక్షరాలతో ఉంది. ఒడిశా నుంచో బెంగాల్ నుంచో ఐసు పెట్టెల్లో వచ్చిన చేప అయ్యుండొచ్చు. చేప తప్పని కాదు, మంచి చేపే. దాన్ని గోదావరి పులస అని, గోదావరి పులస రేటుకి అమ్మడం దగ్గరే వస్తోంది తంటా. ఆ హోటలువాడినొక్కడినే అనడం ఏం న్యాయం? జనవరిలో పులస అడిగేవాళ్ళు రోజూ పాతికమంది వస్తుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు! లేదని చెబితే పక్క హోటలుకి పోతాం.

ఇంకో మాట. పులస వండే పద్ధతిలోనే ఒక షరతు ఉంది. మట్టిదాకలో, చింతపండు పులుసుతో, బెండకాయలు వేసి, ఆవకాయ మీది నూనె ఒక గరిటె పోసి, కట్టెల మంట మీద నెమ్మదిగా ఉడికిస్తారు. ఉడికించి, ఆ రోజు తినరు. రాత్రంతా దాకలో ఉంచి మర్నాడు తింటారు. ముళ్ళన్నీ పులుసులో ఊరాలి. రాత్రి ఎనిమిదింటికి ఆర్డరిచ్చి తొమ్మిదింటికి రైలెక్కేవాడి కోసం పుట్టిన కూర కాదది.

సరే, చేప అంటే పోనీ జేబుకి సంబంధించిన మోసం, అంతకన్నా ఏమీ లేదు అనుకోవచ్చు. బోటు దగ్గరికొస్తే వ్యవహారం వేరు.

ఏ ఎర్రనీరు పులసని తెస్తుందో అదే ఎర్రనీరు పాపికొండల మధ్య బోటుని ఆపాలి. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి బయల్దేరిన రాయల్ వశిష్ఠ అనే బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. బతికి బయటపడింది 26 మంది, అదీ ఒడ్డున ఉన్న ఊళ్ళవాళ్ళు పడవలేసుకుని వెళ్ళి లాగారు కాబట్టి. దాదాపు యాభైమంది పోయారు. హైదరాబాదు నుంచి, వరంగల్ నుంచి, విశాఖ నుంచి ఆదివారం చూసుకుని వచ్చిన కుటుంబాలు. బోటు నీళ్ళ అడుగునే ఉండిపోయింది. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్ళు, లంగర్లు వేసి రోజుల తరబడి ప్రయత్నించి, అక్టోబరు 22న, 38వ రోజున, దాన్ని బయటికి లాగింది.

ఆ రోజు గోదావరిలో ఐదు లక్షల క్యూసెక్కుల పైన నీరుంది. మన ఇంజనీరు బుర్రలకి ఇక్కడ ఒక విషయం ఎక్కాలి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల క్యూసెక్కుల దగ్గర. 2022 జులైలో 25 లక్షలు దాటింది, 1986 ఆగస్టులో అయితే 35 లక్షలు. ఆ లెక్కన చూస్తే ఐదు లక్షలు అంటే ఏముంది, సగమే కదా అనిపిస్తుంది. కానీ ధవళేశ్వరం ఆనకట్ట నాలుగు ముక్కలూ కలిపితే మూడున్నర కిలోమీటర్లు. అంత వెడల్పున పరుచుకున్న నీటికి పెట్టిన గీత అది. అదే నీరు పాపికొండల్లో రెండు కొండల సందున ఇరుక్కుని, మలుపు తిరిగి, సుడులు తిరుగుతూ పారుతుంది. ఒక సర్వరు కోసం పెట్టిన థ్రెషోల్డు తెచ్చి ఇంకో సర్వరుకి పెట్టి, అలర్టు రాలేదు కాబట్టి అంతా బాగుంది అనుకుంటే ఏమవుతుందో మనకి తెలుసు. అక్కడ ఉద్యోగాలు పోవచ్చు. ఇక్కడ మనుషులు పోయారు.

ప్రమాదం తర్వాత బోట్లన్నీ ఆపేశారు. 2021లో మళ్ళీ మొదలయ్యాయి. విచారణలు, నిబంధనలు, లైఫ్ జాకెట్లు, అనుమతులు, వాటి మీద రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందులో ప్రభుత్వం తప్పు ఎంత, యజమానుల తప్పు ఎంత అనేది నేను తేల్చేది కాదు. నేను మాట్లాడదల్చుకున్నది అనుమతి ఇచ్చేవాడి గురించి కాదు, ఒడ్డున నిలబడి వాచీ చూసుకునేవాడి గురించి. "ఇంతదూరం వచ్చాం, రేపు పొద్దున ఆఫీసు, మళ్ళీ ఎప్పుడొస్తామో తెలీదు, కాస్త చూడండి" అనే మాట ఉంది చూశారా, ఆ మాట గోదావరి ఒడ్డున నేను చాలాసార్లు విన్నాను. బోటు లేదన్నందుకు సరంగుని తిట్టినవాళ్ళని చూశాను. ఆ తిట్టేవాళ్ళలో పిల్లని చంకనేసుకున్న తండ్రులు కూడా ఉన్నారు. సెలవులో చివరి రోజుకి ఒక పిచ్చి బలం ఉంటుంది. మొదటిరోజు "లేదా, పోనీలే" అనే మనిషే చివరిరోజు "కుదరాల్సిందే" అంటాడు. ఆ కుదరాల్సిందే కోసం జనవరిలో పులస పుడుతుంది, సెప్టెంబరులో బోటు కదులుతుంది.

"మరి పోలవరం పూర్తయితే ఇవన్నీ ఉండవు కదా, మునిగిపోకముందే చూడాలి కదా" అని మా టీమ్‌లోనే ఒకబ్బాయి అన్నాడు. చూడండి, కాదనను. కానీ ఆ బోటులోంచి మనం ఫొటోలు తీసే దేవీపట్నం వైపు ఊళ్ళవాళ్ళలో చాలామంది ఇప్పటికే పునరావాస కాలనీలకి వెళ్ళిపోయారు. మనకి పోయేది ఒక సీను. వాళ్ళకి పోయింది ఊరు. ఈ రెంటినీ ఒకే "మునిగిపోకముందే" అనే మాటలో కలపడం నాకు నచ్చదు.

అసలు ఈ డెల్టాకి ఒక క్యాలెండరు ఉందని నాకే బాగా తెలిసొచ్చింది 2020లో. ఇంటర్ తర్వాత ఊరు వదిలాక నాకు కోనసీమ అంటే సంక్రాంతి, ఎండాకాలంలో ఏదో ఒక పెళ్ళి. అంతే. కరోనా వచ్చి ల్యాప్‌టాపులు ఇచ్చి ఇళ్ళకి పంపించాక, దాదాపు ఏడాదిన్నర మా ఊరి అరుగు మీద కూర్చుని పనిచేశాను. నెట్టు పోయేది, కరెంటు పోయేది, స్టాండప్‌లో కాకులు అరిచేవి, మా మేనేజరు "మ్యూట్, మ్యూట్" అనేవాడు. కానీ బడికెళ్ళే రోజుల తర్వాత మళ్ళీ ఒక ఏడాది మొత్తం ఒకేచోట ఉండి తిన్నాను. ఏప్రిల్ నెలలో ముంజలు. మండు వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు అడుగు కనపడే కాలవగట్టు, ఇంటి వెనక పనస తొనల వాసన. శ్రావణంలో పులస, అదీ మా వీధిలో నాలుగిళ్ళు కలిసి ఒకటి కొంటే. దసరా దాటి తూర్పుగాలి మొదలయ్యాక చీరమేను. చీరమేను అంటే దారప్పోగుల్లా ఉండే సన్నటి చేపపిల్లలు. చీరలాంటి పల్చటి బట్టతో దేవి పడతారు కాబట్టి ఆ పేరు అంటారు. కిలోల్లెక్క కాదు, గ్లాసులతో, సేర్లతో కొలిచి అమ్ముతారు. మా అమ్మ దాంతో గారెలు వేసింది. ఉద్యోగంలో చేరాక అన్నేళ్ళలో చీరమేను నేను ఒక్కసారి కూడా తినలేదు. ఎందుకంటే ఆ వారాల్లో నేను ఎప్పుడూ లీవు పెట్టలేదు. పెట్టాలని కూడా తట్టలేదు, మనకి లీవంటే పండగే కదా.

పులస గురించి ఇంకొకటి, ఇది మా బెంగాలీ కొలీగు దగ్గర మొదలైన మాట. బంగ్లాదేశ్‌లో అక్టోబరు ప్రాంతంలో 22 రోజులపాటు ఇలిష్ పట్టడం, అమ్మడం నిషేధం. అది గుడ్లు పెట్టే కాలం. ప్రాణంగా తినే దేశమే "ఈ మూడువారాలూ వద్దు" అనుకోగలిగింది. మనం పుస్తెలమ్మైనా తినాలి అనే సామెతని టీషర్టుల మీద వేసుకుంటున్నాం. గుడ్లతో ఎదురీదే చేపకి అంత రేటు కట్టి, దొరకని నెలల్లో కూడా దొరకాలని పట్టుబడితే ఇంకెన్నాళ్ళు వస్తుంది?

ఇప్పుడు మీరు అనబోయేది నాకు తెలుసు. "నీకేం బాబూ, మీ ఊరు. మేం డల్లాస్ నుంచి రెండేళ్ళకోసారి వస్తాం, అదీ పిల్లల బడి సెలవులని బట్టి. ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి రమ్మంటే ఎలా?" నిజమే. అందుకే నేను చెప్పేది నాలుగుసార్లు రమ్మని కాదు. వచ్చిన నెలలో ఉన్నదేదో అడగండి. జనవరిలో లేనిదాని కోసం మూడువేలు పోసే బదులు ఉన్నదాని మీద వంద పెట్టండి.

ఉన్నదేమిటా? తేగలు. తాటిపళ్ళు తిన్నాక టెంకల్ని మట్టిలో పాతర వేస్తే మొలకలొస్తాయి. చలికాలంలో తవ్వి, కుండలో పేర్చి కాలుస్తారు. రోడ్డు పక్కన కట్టలు కట్టి అమ్ముతుంటే మనవాళ్ళు కారు అద్దం కూడా దించరు. ఒలిచి మధ్యకి చీలిస్తే లోపల మెత్తటి మొవ్వు ఉంటుంది. దాన్ని చందమామ అంటారు, చిన్నప్పుడు దాని కోసం మేం కొట్టుకునేవాళ్ళం. ఆ టెంక పగలగొడితే బుర్రగుంజు. ఇవి మీకు ఏ స్విగ్గీలోనూ అదే రుచితో రావు. కొత్త బియ్యం, కొత్త బెల్లం అరిసెలు ఎలాగూ అత్తారింట్లో పెడతారు. పొట్టిక్కలకి ఋతువు పట్టింపు లేదు, పనసాకులు బుట్టలా కుట్టి అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరికి పెడతారు. ఆకు వాసన పిండికి పడుతుంది. అంబాజీపేటలో పొద్దున్నే వెళ్ళాలి, పదింటికి వెళ్ళి లేవని గొడవపడకూడదు. కాజా కాకినాడదా తాపేశ్వరందా అనే యుద్ధంలోకి నేను దిగను. ఒకటి గొట్టం, ఒకటి మడత, రెండూ కొనుక్కోండి.

పూతరేకులు రావులపాలెం దగ్గర హైవే మీద డబ్బాల్లో కొనకండి అనను గానీ, వీలైతే లోపలికి ఆత్రేయపురం దాకా వెళ్ళండి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, బియ్యప్పిండి జావలో ముంచిన పల్చటి గుడ్డ, కుండ మీద ఒక్క లాగు. కాగితంలాంటి రేకు లేచి వస్తుంది. ఆ పొగలో, ఆ సెగలో కూర్చుని రోజంతా అలా లాగేది ఆడవాళ్ళు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చింది. పేరు ఊరికొచ్చింది, బాగుంది. చేసే మనిషికి ఎంతొచ్చింది అనేది డబ్బా మీద రాసి ఉండదు. బేరం ఆడేముందు ఒక ఐదు నిమిషాలు ఆ కుండ పక్కన కూర్చుని చూడండి. ఫొటో తీసే ముందు అడగండి, అది కూడా.

బోటు విషయంలో జనవరివాళ్ళు అదృష్టవంతులే. పాపికొండలకి అదే అసలు కాలం, నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, పొద్దున మంచు కూడా ఉంటుంది. వెళ్ళండి, ఆ రోజుకి ఇంకేమీ పెట్టుకోకండి. జాకెట్టు వేసుకోమంటే ఫొటోలో బాగోదని తీసెయ్యకండి. ఆగస్టువాళ్ళు మాత్రం బోటు పేరు ఎత్తకండి. ధవళేశ్వరం వెళ్ళి కాటన్ మ్యూజియం చూసి, ఆనకట్ట మీద నిలబడి ఎర్రగోదావరిని చూడండి. కిందికి దూకే ఆ నీళ్ళ హోరు వింటే బోటెక్కలేదన్న బాధ దానంతటదే పోతుంది.

కోనసీమ పచ్చదనం అని సినిమాల్లో చూసి జనవరిలో వచ్చేవాళ్ళకి ఇంకో చిన్న నిరాశ ఉంటుంది. సార్వా కోతలు అయిపోయి, దాళ్వాకి దమ్ము చేస్తూ, నాట్లు వేస్తూ ఉంటారు. సగం చేలు బురదగా ఉంటాయి. కానీ ఆ చేలల్లోనే కనుమనాడు జరిగేదాన్ని మన షీట్లలో ఒక్కదాంట్లో కూడా నేను చూడలేదు. అంబాజీపేట దగ్గర మొసలపల్లి శివారు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. గుడి లేదు, కొబ్బరితోట అంతే. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ నుంచి పదకొండుమంది రుద్రుల్ని వెదురుతో కట్టిన ప్రభల మీద పెట్టి, భుజాల మీద మోసుకొస్తారు. రోడ్డు మీద కాదు, నాటిన చేలల్లోంచే. ప్రభ తన చేలోంచి వెళితే మంచిదని రైతు దారి ఇస్తాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే ఎగువ కౌశికలో దిగి, పీకల్లోతు నీళ్ళలో ఆ బరువు తడవకుండా ఎత్తిపట్టుకుని ఒడ్డెక్కిస్తారు. జనం "హరహర" అంటూ ఒడ్డున అరుస్తుంటే మోసేవాళ్ళ కాళ్ళు బురదలో జారుతూ ఉంటాయి.

మనలో చాలామందికి అది సెలవులో చివరి సాయంత్రం. అప్పటికి సగంమంది సామాన్లు సర్దుకుని రాజమండ్రి స్టేషన్ దారిలో ఉంటారు. ఈసారి ఆగేవాళ్ళకి, కారు అంబాజీపేటలోనే వదిలెయ్యండి, లోపలికి పోదు. గట్ల మీద నడవాలి, బూట్లు వద్దు. మధ్యాహ్నానికల్లా కౌశిక ఒడ్డుకి చేరితే చోటు దొరుకుతుంది. తీర్థంలో జీళ్ళు, ఖర్జూరం అమ్ముతారు, తేగలు కూడా. చిల్లర ఉంచుకోండి, ఆ జనంలో ఫోన్‌పే పనిచెయ్యదు.